కేబుల్ లాగకుండా డెస్క్‌టాప్‌కి మంచి వైఫై: తరచుగా అడిగే ప్రశ్నలు

హాల్లో ఫైబర్ బాక్సు, చివరి గదిలో కంప్యూటర్, మధ్యలో రెండు గోడలు. అద్దె ఇల్లు కాబట్టి గోడకి రంధ్రం పెట్టనివ్వరు. సొంత ఇల్లయితే కొత్తగా వేయించిన టైల్స్ మీద కేబుల్ పాకించడానికి ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. మా అపార్ట్‌మెంట్లో, చుట్టాల్లో ఈ ఇబ్బంది ఉన్నవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే సందేహాలన్నీ ఒకచోట పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## తప్పు ఎక్కడుందో తేల్చుకోవడం

ఫోన్లో నెట్ బాగానే వస్తోంది. అదే గదిలో కంప్యూటర్లో మాత్రం ఎందుకు ఈడుస్తోంది?

ఫోన్ మీ చేతిలో, ఛాతీ ఎత్తులో, నాలుగువైపులా ఖాళీగా ఉంటుంది. డెస్క్‌టాప్ యాంటెన్నా అలా కాదు. బల్ల కింద, ఇనుప డబ్బా వెనక, గోడకి ఆనుకుని ఉంటుంది. రౌటర్ మీ ముందువైపు ఉంటే సిగ్నల్ ఆ డబ్బాని దాటుకుని వెనక్కి రావాలి. ఇనుప రేకు వైఫైకి ఇటుక గోడకన్నా పెద్ద అడ్డం. నేను చూసిన ఇళ్లలో ఎక్కువసార్లు లోపం ప్లాన్‌లోనో రౌటర్‌లోనో లేదు, ఈ ఆఖరి రెండడుగుల్లోనే ఉంది. డబ్బు ఖర్చుపెట్టే ముందు ఒకసారి బల్ల కిందకి వంగి చూడమని అందరికీ చెప్పేది ఇందుకే.

మా సీపీయూకి వైఫై ఉంది, కానీ రెండు గీతలకి మించి రావడం లేదు. ఎందుకు?

టార్చి వేసి సీపీయూ వెనక చూడండి. యూఎస్‌బీ రంధ్రాల పక్కన బంగారు రంగులో, మర చుట్లున్న రెండు చిన్న గొట్టాలు పొడుచుకొచ్చి కనిపిస్తాయి. యాంటెన్నాలు బిగించాల్సింది వాటికే. అవి ఖాళీగా ఉంటే సమస్య దొరికినట్టే. షాపులో అసెంబుల్ చేసేటప్పుడు యాంటెన్నాలు మదర్‌బోర్డు అట్టపెట్టెలోనే ఉండిపోతాయి. ఆ పెట్టె ఇంటికొచ్చాక అటకెక్కుతుంది. యాంటెన్నా లేకపోయినా రౌటర్ దగ్గరగా ఉంటే కొద్దిగా సిగ్నల్ దొరుకుతుంది కాబట్టి అసలు లోపం ఉందనే ఎవరికీ అనిపించదు. పెట్టె దింపి, రెండూ తీసి, చేత్తోనే గట్టిపడేదాకా తిప్పండి. పట్టకారు అక్కర్లేదు. ఒక్కటే బిగించి వదిలేయకండి, రెండూ ఉంటేనే లోపలి వైఫై కార్డు పూర్తి వేగంతో పనిచేస్తుంది.

100 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుంటే డౌన్‌లోడ్ 11 దగ్గరే ఆగుతోంది. నెట్ వాళ్లు మోసం చేస్తున్నారా?

లేదు, మీకు పూర్తిగానే వస్తోంది. ప్లాన్ చెప్పేది మెగాబిట్లలో, డౌన్‌లోడ్ కిటికీ చూపించేది మెగాబైట్లలో. 8 బిట్లు ఒక బైటు. 100ని 8తో భాగిస్తే 12.5. దారిలో పోయే కాస్త తీసేస్తే 11 సరైన లెక్కే.

తప్పు నెట్ కంపెనీదా, మా ఇంట్లో వైఫైదా?

ఫిర్యాదు చేసే ముందు ఇది తేల్చుకోండి, పది నిమిషాల పని. విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి, సీఎండీ అని ఇంగ్లిష్‌లో కొట్టండి. నల్ల కిటికీ తెరుచుకుంటుంది. అందులో పింగ్ (ping) అని రాసి, ఖాళీ వదిలి రౌటర్ చిరునామా, మళ్లీ ఖాళీ వదిలి చిన్న అడ్డగీత పక్కనే టి అక్షరం కొట్టండి. చిరునామా రౌటర్ అడుగున స్టిక్కరు మీద ఉంటుంది, చాలా ఇళ్లలో 192.168.1.1 లేదా 192.168.0.1. రెండు మూడు నిమిషాలు వదిలేసి వరుసలు చూడండి, రౌటర్ జవాబివ్వడానికి ఎంతసేపు పట్టిందో ప్రతి వరుసా చెబుతుంది. ప్రతి వరుసలో 2, 3, 5 మిల్లీసెకన్లు అని నిలకడగా వస్తే మీ వైఫై ఆరోగ్యంగా ఉన్నట్టు. 4 వచ్చి, వెంటనే 180 వచ్చి, మధ్యలో జవాబే రాకపోతే లోపం మీ గోడల మధ్యే ఉంది.

ఇప్పుడు అదే పరీక్ష ఇంటి బయట ఉండే గూగుల్ సర్వర్ చిరునామా 8.8.8.8 మీద చేయండి. రౌటర్‌కి బాగుండి దీనికి మాత్రం ఎగుడుదిగుడుగా ఉంటే, అప్పుడు నెట్ వాళ్లకి ఫోన్ చేయండి. ఆపడానికి కంట్రోల్, సి కలిపి నొక్కాలి.

సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి. అయినా స్లో ఎందుకు?

గీతలు చెప్పేది సిగ్నల్ బలం మాత్రమే, రద్దీ గురించి ఏమీ చెప్పవు. సంతలో పక్కనున్న మనిషి గట్టిగానే మాట్లాడతాడు, అయినా వినపడదు. అపార్ట్‌మెంట్లో ఇరవై వైఫైలు ఒకే ఛానల్ (గాలిలో ఒకే దారి) మీద ఉన్నప్పుడు జరిగేది ఇదే.

గీతలు వదిలేసి అంకెలు చూడండి. విండోస్ 11 సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్, వైఫై, తర్వాత మీ నెట్‌వర్క్ ప్రాపర్టీస్ తెరిస్తే ఏ బ్యాండ్ (2.4 లేదా 5 గిగాహెర్ట్జ్), ఏ ఛానల్, లింక్ స్పీడ్ (కంప్యూటర్‌కీ రౌటర్‌కీ మధ్య వేగం) ఎంత అని వరుసగా ఉంటాయి. చేతికి నిజంగా వచ్చేది లింక్ స్పీడ్‌లో సుమారు సగం. 72 అని ఉంటే 35 నుంచి 40 వస్తే గొప్పే. సిగ్నల్ బలాన్ని డీబీఎంలలో కొలుస్తారు. ముందు మైనస్ గుర్తు ఉంటుంది కాబట్టి అంకె ఎంత చిన్నదైతే అంత మంచిది: మైనస్ 50 బ్రహ్మాండం, మైనస్ 67 దాకా మీటింగులకీ వీడియోలకీ ఢోకా లేదు, మైనస్ 75 దాటితే తెగుతుంటుంది. 3 డీబీ తగ్గిందంటే సిగ్నల్ శక్తి సగమైందని, 10 తగ్గిందంటే పదో వంతు మిగిలిందని అర్థం. అందుకే ఈ అంకెల్లో చిన్న తేడాని కూడా తేలిగ్గా తీసుకోకూడదు.

## పైసా ఖర్చు లేకుండా చేసేవి

రౌటర్ ఎక్కడ పెడితే మంచిది?

ఫైబర్ వేయడానికి వచ్చినవాళ్లు తీగ ఇంట్లోకి వచ్చిన చోటే, వీధి తలుపు పక్కనో బాల్కనీ గోడకో బాక్సు కొట్టి వెళ్లిపోతారు. సగం సిగ్నల్ వీధికి పోతుంది. మనమేమో అందం కోసం దాన్ని టీవీ వెనక దాచేస్తాం. రెండూ నష్టమే.

ఇంటి మధ్యకి, నిలబడితే మీ తల ఎత్తుకి వచ్చేలా పెట్టగలిగితే మంచిది. అది కుదరకపోతే రౌటర్ నుంచి కంప్యూటర్ దాకా మనసులో ఒక దారం కట్టినట్టు ఊహించుకుని, ఆ దారం దేన్ని తాకుతోందో చూడండి. ప్లైవుడ్ తలుపు, పరదా, సోఫా పెద్ద లెక్కలోకి రావు. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ కాస్త తినేస్తుంది. ఇనుప చువ్వలున్న శ్లాబు బాగా తినేస్తుంది. స్టీలు బీరువా, ఫ్రిజ్, నిలువుటద్దం, అక్వేరియం దారంలో పడ్డాయంటే అక్కడితో సరి.

మా ఇంట్లో జరిగింది ఇదే. కంప్యూటర్ గదిలో సిగ్నల్ మైనస్ 78 దగ్గర కొట్టుకునేది. ఏడాదిపాటు రౌటర్‌ని అనుమానించాను. ఒక ఆదివారం బూజు దులుపుతూ బీరువాని పక్క గోడకి జరిపాం. సాయంత్రం కూర్చుని చూస్తే మైనస్ 64. బీరువా సరిగ్గా దారం మీద నిలబడి ఉంది, అంతే.

ఫైబర్ బాక్సు జరపాలంటే లైన్‌మన్‌ని పిలిచి పొడవైన తీగ వేయించండి. ఫైబర్ తీగని మీరే లాగి మూలల్లో మడత పెట్టొద్దు, లోపలి గాజు పోగు విరుగుతుంది.

రౌటర్ యాంటెన్నాలు ఎటు తిప్పి పెట్టాలి?

నిలువుగా. కర్రలాంటి యాంటెన్నా కొన నుంచి కాకుండా పక్కలకి, గారె ఆకారంలో సిగ్నల్ వదులుతుంది. కాబట్టి కొనని కంప్యూటర్ వైపు గురిపెట్టడం తప్పు. కంప్యూటర్ పై అంతస్తులో ఉంటే ఒకటి నిలువుగా, ఒకటి పడుకోబెట్టి చూడండి.

రౌటర్లో 2.4 అని ఒకటి, 5 అని ఒకటి పేర్లు వస్తున్నాయి. ఏది పట్టుకోవాలి?

ఒక గోడ అవతలే అయితే 5 గిగాహెర్ట్జ్. వేగం ఎక్కువ, రద్దీ తక్కువ. మూడు గోడలో శ్లాబో అడ్డముంటే 2.4 దూరం పోతుంది, కానీ పక్కింటి వైఫైలు, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ అక్కడే గుమిగూడతాయి. ఓవెన్ తిరిగినంతసేపే నెట్ ఆగుతోందంటే మీ కంప్యూటర్ 2.4 మీద ఉందని అనుమానించండి.

రెండింటికీ ఒకే పేరుంటే కంప్యూటర్ తరచూ 2.4నే పట్టుకుని కూర్చుంటుంది. డెస్క్‌టాప్ కదిలేది కాదు కాబట్టి రౌటర్ సెట్టింగుల్లో రెండింటికీ వేరు వేరు పేర్లు పెట్టి, కంప్యూటర్‌కి 5 పేరు మాత్రమే ఇవ్వండి. 2.4 పేరుని మర్చిపొమ్మని చెప్పండి.

ఛానల్ మార్చమంటున్నారు. ఏ ఛానల్ పెట్టాలి?

2.4లో 1, 6, 11 మాత్రమే ఒకదాని మీద ఒకటి పడవు. ఫోన్లో వైఫై అనలైజర్ తరహా ఆప్ వేసుకుని, రౌటర్ దగ్గర కాకుండా కంప్యూటర్ బల్ల దగ్గర నిలబడి, ఆ మూడింట్లో ఏది ఖాళీగా ఉందో చూసి అది పెట్టండి. 3, 4, 9 లాంటివి తెలివైన ఎంపికలా కనిపిస్తాయి గానీ రెండు వైపుల రద్దీనీ తగిలించుకుంటాయి. ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు. అపార్ట్‌మెంట్లో 40 పెడితే మీకూ, పక్కింటికీ ఇబ్బందే.

5లో చోటు చాలా ఉంది. 2018 అక్టోబరులో కేంద్రం ఈ బ్యాండ్‌లో 605 మెగాహెర్ట్జ్‌ని లైసెన్సు అక్కర్లేకుండా వైఫైకి వదిలింది. 36 నుంచి 48 దాకా, లేదా 149 నుంచి 161 దాకా ఏదో ఒకటి పెట్టి, వెడల్పు 80 ఉంచండి. 52 నుంచి 144 వరకు ఉన్నవి రాడార్లతో పంచుకునేవి. రాడార్ సిగ్నల్ తగిలితే రౌటర్ ఉన్నపళంగా ఛానల్ మారిపోతుంది, కొన్ని చవక డాంగిల్స్‌కి (యూఎస్‌బీ రంధ్రంలో గుచ్చే చిన్న వైఫై పరికరాలు) ఆ ఛానళ్లు కనిపించనే కనిపించవు.

సీపీయూ బల్ల కిందే ఉండాలి. ఇంకేం చేయగలను?

యాంటెన్నాని పైకి తేవచ్చు. అడుగున అయస్కాంతమున్న స్టాండు, మీటరు తీగతో యాంటెన్నాలు విడిగా దొరుకుతాయి. వాటిని బల్ల మీద మానిటర్ పక్కన నిలబెట్టండి. కొనేటప్పుడు ఆర్‌పీ-ఎస్‌ఎంఏ రకం అడగాలి. ఎస్‌ఎంఏ అని ఇంచుమించు అలాగే ఉండేది ఇంకొకటుంది. మర ఎక్కుతుంది కానీ మధ్యలో సూది కలవదు, సిగ్నల్ రాదు.

ఖర్చే వద్దనుకుంటే సీపీయూని గోడ నుంచి జానెడు ముందుకి జరిపి, వెనక భాగం రౌటర్ వైపు వచ్చేలా తిప్పి చూడండి.

విండోస్‌లో మార్చాల్సిన సెట్టింగులేమైనా ఉన్నాయా?

మూడున్నాయి. డివైస్ మేనేజర్లో వైఫై కార్డు తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్‌లో కరెంటు ఆదా కోసం కార్డుని ఆపే టిక్కు తీసేయండి. ఆ పక్కనే అడ్వాన్స్‌డ్‌లో ప్రిఫర్డ్ బ్యాండ్ ఉంటే 5 పెట్టండి. మూడోది డ్రైవర్: విండోస్ తనంతట తాను వేసిందాన్ని నమ్ముకోకుండా కార్డు తయారుచేసినవాళ్ల సైట్ నుంచి తాజాది దింపి వేయండి.

వేగం ఎంత చేసినా 54 దాటకపోతే రౌటర్లో సెక్యూరిటీ చూడండి. డబ్ల్యూఈపీ లేదా టీకేఐపీ అని పాతకాలపు పద్ధతి ఉంటే కొత్త వైఫై వేగాలు పనిచేయవు. డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ లేదా డబ్ల్యూపీఏ3కి మార్చండి.

రౌటర్ వెనక అల్యూమినియం రేకు పెడితే సిగ్నల్ పెరుగుతుందా?

ఒకవైపు కాస్త పెరిగి, మిగతా వైపులన్నీ పడిపోతాయి. ఇంట్లో మిగతావాళ్ల ఫోన్లు ఆగిపోతాయి. వద్దు.

## ఏదైనా కొనే ముందు

కొత్త వైఫై అడాప్టర్ (కార్డు లేదా డాంగిల్) వేస్తే నిజంగా మారుతుందో లేదో కొనకుండా చూసుకోవచ్చా?

చూసుకోవచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్‌ని 5 గిగాహెర్ట్జ్ వైఫైకి కలిపి, ఛార్జింగ్ తీగతో కంప్యూటర్‌కి పెట్టి, హాట్‌స్పాట్ సెట్టింగుల్లో యూఎస్‌బీ టెథరింగ్ వేయండి. మొబైల్ డేటా ఆపేయండి. ఇప్పుడు మీ ఫోనే కంప్యూటర్‌కి వైఫై అడాప్టర్. బల్ల మీద ఫోన్‌ని అటూ ఇటూ జరుపుతూ స్పీడ్ టెస్ట్ చేయండి. ఇలా వేగం వచ్చిందంటే మీకు కావాల్సింది మంచి అడాప్టరే, రౌటర్ మార్చక్కర్లేదు. ఇలా కూడా రాకపోతే గదిలోకి సిగ్నలే రావడం లేదు, ఎంత ఖరీదైన కార్డు కొన్నా డబ్బు దండగ.

యూఎస్‌బీ డాంగిల్ కొననా, లోపల బిగించే కార్డు కొననా?

సీపీయూ తెరవడానికి భయం లేకపోతే కార్డే కొనండి. పెద్ద యాంటెన్నాలు బిగించుకోవచ్చు, వేడికి వేగం తగ్గడం తక్కువ. డాంగిల్ తీసుకోవాలనుకుంటే గోరంత ఉండేది మాత్రం వద్దు. అంత చిన్నదాంట్లో యాంటెన్నాకి చోటెక్కడిది? చాలావాటికి 2.4 ఒక్కటే ఉంటుంది. చెవుల్లా యాంటెన్నాలున్న రెండు బ్యాండ్ల డాంగిల్‌ని ఎక్స్‌టెన్షన్ తీగతో బల్ల మీదకి తెచ్చుకుంటే చాలా ఇళ్లకి సరిపోతుంది.

డాంగిల్‌ని నీలం రంగు యూఎస్‌బీ రంధ్రంలో పెట్టాలా?

నీలం అంటే సాధారణంగా యూఎస్‌బీ 3 రంధ్రం. 5 గిగాహెర్ట్జ్ డాంగిల్‌కి అదే మంచిది, ఎందుకంటే పాత యూఎస్‌బీ 2 గరిష్ఠ వేగం కాగితం మీదే 480 ఎంబీపీఎస్. కానీ 2.4 మీద నడిపేటప్పుడు ఒక చిక్కుంది. యూఎస్‌బీ 3 పరికరాలు పనిచేసేటప్పుడు సరిగ్గా 2.4 దగ్గర రొద పుట్టిస్తాయని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. బయటి హార్డ్ డిస్క్‌లో సినిమా కాపీ చేస్తుంటే నెట్ పడిపోవడం, వైర్‌లెస్ మౌస్ తడబడటం ఇందువల్లే. డాంగిల్‌నీ హార్డ్ డిస్క్‌నీ పక్కపక్క రంధ్రాల్లో పెట్టకండి.

పాత కంప్యూటర్‌కి వైఫై 6 కార్డు పనికొస్తుందా?

వైఫై 6 అంటే వైఫై 5 తర్వాతి తరం, ఈ అంకెలు గిగాహెర్ట్జ్‌లు కావు. మదర్‌బోర్డు మీద విడి కార్డులు గుచ్చే చిన్న పీసీఐఈ రంధ్రం ఖాళీగా ఉంటే పనికొస్తుంది. కార్డు మీద బ్లూటూత్ కూడా ఉంటే దానికి ఒక సన్నటి తీగని మదర్‌బోర్డు లోపలి యూఎస్‌బీ పిన్నులకి తగిలించాలి, లేకపోతే వైఫై ఒక్కటే పనిచేస్తుంది. విడి చిప్పు కొనేవాళ్లు జాగ్రత్త: ఇంటెల్ ఏఎక్స్210 ఎక్కడైనా పనిచేస్తుంది, ఏఎక్స్211 మాత్రం దానికి తగిన ఇంటెల్ బోర్డుల్లోనే. ఒక్క అంకె తేడాతో డబ్బు పోతుంది.

రౌటర్ వైఫై 5ది అయితే వైఫై 6 కార్డు కూడా వైఫై 5 వేగంతోనే నడుస్తుంది. రెండు యాంటెన్నాలతో, 80 వెడల్పులో వైఫై 5 లింక్ స్పీడ్ 866, వైఫై 6ది 1200. 100 ప్లాన్ ఉన్నవాళ్లకి 866 కూడా కావాల్సినదానికన్నా ఎక్కువే.

## గది మరీ దూరమైనప్పుడు

రిపీటర్ పెడితే సరిపోతుందా?

రిపీటర్ అంటే రౌటర్ సిగ్నల్‌ని పట్టుకుని ముందుకి పంపే డబ్బా, కంప్యూటర్ పక్కన పెడితే సరిపోదు. అందరూ చేసే పొరపాటు ఇదే. గదిలో సిగ్నల్ లేదని ఆ గదిలోనే పెడతారు. లేని సిగ్నల్‌ని అది ఎక్కడి నుంచి తెచ్చిస్తుంది? సిగ్నల్ ఇంకా బాగున్న చోట, సగం దారిలో పెట్టాలి. ఒకే బ్యాండ్ మీద అటు వింటూ ఇటు చెప్పే రిపీటర్‌తో వేగం సుమారు సగానికి పడిపోతుంది, అది దాని పనితీరులోనే ఉంది. రెండు బ్యాండ్లున్నది కొనండి.

మెష్‌కీ రిపీటర్‌కీ తేడా ఏమిటి?

మెష్‌లో డబ్బాలన్నీ ఒకే పేరుతో, ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ పనిచేస్తాయి. డెస్క్‌టాప్ వాళ్లకి దీనివల్ల ఇంకో లాభముంది: ఒక మెష్ డబ్బాని సిగ్నల్ బాగా అందేలా కంప్యూటర్ గదిలో పెట్టి, దాని వెనక ల్యాన్ రంధ్రం నుంచి అరమీటరు కేబుల్‌తో సీపీయూకి కలపొచ్చు. గోడలు దాటే కేబుల్ ఉండదు, డబ్బా యాంటెన్నాలు మీ చిన్న కార్డుకన్నా మెరుగ్గా పనిచేస్తాయి. కొనే ముందు ల్యాన్ రంధ్రం గిగాబిట్‌దో కాదో అడగండి. 100 ఎంబీపీఎస్ రంధ్రమైతే 300 ప్లాన్ ఉన్నా 95 దగ్గరే ఆగుతుంది.

పాత రౌటర్ మూలన పడి ఉంది. అది పనికొస్తుందా?

సెట్టింగుల్లో క్లయింట్, బ్రిడ్జ్ లేదా డబ్ల్యూఐఎస్‌పీ మోడ్ ఉంటే భేషుగ్గా పనికొస్తుంది. ఆ మోడ్‌లో అది హాల్లోని వైఫైని పట్టుకుని, ల్యాన్ తీగ ద్వారా కంప్యూటర్‌కి ఇస్తుంది. కిటికీ పక్కనో అలమార మీదో పెట్టుకోవచ్చు. చిన్న కేబుల్ తప్ప కొనాల్సింది లేదు. కొత్తది కొనబోయే ప్రతివాళ్లకీ ముందు ఇదే ప్రయత్నించమంటాను.

కరెంటు తీగల్లోంచి నెట్ పంపే అడాప్టర్లు మన ఇళ్లలో పనిచేస్తాయా?

కొన్ని ఇళ్లలో. రెండు అడాప్టర్లూ ఒకే ఫేజ్ మీద ఉండాలి. త్రీఫేజ్ మీటరున్న ఇంట్లో హాలు ఒక ఫేజ్, పడకగది ఇంకో ఫేజ్ అయితే సిగ్నల్ దాటడం కష్టం. ఇన్వర్టర్ లైనుదీ ఇదే గొడవ: ఒకటి ఇన్వర్టర్ ప్లగ్గులో, ఇంకొకటి మామూలు ప్లగ్గులో ఉంటే కుదరదు. స్పైక్ గార్డులో, యూపీఎస్‌లో పెట్టొద్దు, అవి ఆ సిగ్నల్‌ని చెత్తగా లెక్కేసి వడకట్టేస్తాయి. నేరుగా గోడ బోర్డులో గుచ్చాలి. వెనక్కి తీసుకునే షాపులోనే కొని చూడండి.

## అన్నీ అయ్యాక మిగిలే ఇబ్బందులు

వీడియోలు బాగానే ఆడుతున్నాయి. మీటింగులో మాత్రం నా గొంతు తెగుతోందంటున్నారు. ఎందుకు?

వీడియో కొన్ని సెకన్లు ముందే దింపుకుని దాచుకుంటుంది, మీటింగుకి ఆ వీలు లేదు. ఇంట్లో ఎవరి ఫోనైనా ఫొటోలు బ్యాకప్ చేస్తోందేమో చూడండి. పెళ్లి నుంచి వచ్చిన రోజు ఇది తప్పక జరుగుతుంది. అప్‌లోడ్ దారి నిండిపోతే మీ మాట వరుసలో నిలబడాల్సి వస్తుంది. రౌటర్లో క్యూఓఎస్ అనే సెట్టింగు ఉంటే కంప్యూటర్‌కి ముందు వరుస ఇవ్వండి, లేదంటే బ్యాకప్‌ని రాత్రికి మార్చండి.

కరెంటు పోయి వచ్చినప్పుడల్లా నెట్ స్లో అవుతోంది. ఎందుకలా?

రౌటర్ లేవగానే 2.4 ముందు వస్తుంది. 5 బ్యాండ్ రాడార్ ఛానల్ మీద ఉంటే, గాలిలో రాడార్ లేదని నిమిషం పాటు విని నిర్ధారించుకున్నాకే మొదలవుతుంది. ఈలోపు కంప్యూటర్ 2.4ని పట్టుకుని ఇక వదలదు. 5ని 36 లేదా 149కి కట్టేయండి. ఛానల్ ఆటోలో ఉంటే కరెంటు వచ్చిన ప్రతిసారీ కొత్తది ఎంచుకుంటుంది, అదీ మానిపించండి. రౌటర్‌కి 12 వోల్టుల చిన్న యూపీఎస్ పెడితే అసలు ఆగదు. కొనే ముందు మీ అడాప్టర్ మీద వోల్టు, ఆంపియర్ అంకెలు సరిచూసుకోండి.

ఎంత వేగం వస్తే ఇక చాలనుకోవచ్చు?

4కే వీడియోకి 25 ఎంబీపీఎస్ ఉంటే నిశ్చింత. వీడియో మీటింగుకి అటూ ఇటూ 4 చాలు. ఆన్‌లైన్ ఆటలకి వేగం కాదు, పింగ్ నిలకడగా ఉండటం ముఖ్యం. రౌటర్‌కి పింగ్ 10 లోపు నిలబడి, స్పీడ్ టెస్ట్ మీ ప్లాన్‌లో ముప్పాతిక చూపిస్తే ఇక దేన్నీ కదపకండి. ఆ రోజు బల్లనీ, రౌటర్‌నీ ఒక ఫొటో తీసి పెట్టుకోండి. పండగకి ఇల్లు సర్దాక నెట్ మళ్లీ మొరాయిస్తే ఏది ఎక్కడి నుంచి జరిగిందో అందులో కనిపిస్తుంది.